నీలిగుర్రం అట్ట

దివానుగారు పట్టుకొచ్చిన పుస్తకం అట్టలో మీరైతే ఏం చూసేవారో చెప్పండి! గుర్రం బొమ్మేనా? దాన్ని అందరూ చూశారు. సూరమ్మ ఒక్కతే అంచు చూసింది.

సూరమ్మ బొంతలు కుట్టి బతికేది. చనిపోయిన మొగుడు చదివి వినిపించిన బొమ్మల కథల పుస్తకం ఒకటి ఆమెకు మిగిలింది. అట్ట ఏనాడో చిరిగిపోయింది. దాని పేరైనా తెలుసుకుందామని, పాత పుస్తకాలు పోగేసే పెద్దల కూటానికి తీసుకెళ్లింది.

ఆ కూటంలోని దివాను కోదండపాణి రెండు పేజీలు తిప్పి ఎగిరిపడ్డాడు. "ఇది 'నీలిగుర్రం'! చిన్నప్పుడు మా ఇంట్లో పోయిన పుస్తకమే. చిరిగిన అట్ట ఇంకా నా దగ్గరే ఉంది!"

దివానుకు ఎదురు చెప్పేదెవరు?

"అయితే ఆ అట్ట తెండి దొరా. అతికితే పుస్తకం మీదే," అంది సూరమ్మ.

దివాను ఇంటికి పరుగెత్తి అట్ట తెచ్చాడు. అందరూ ఆహా అన్నారు. సూరమ్మ దాన్ని పుస్తకం పక్కన పెట్టింది.

"నా పుస్తకం చిరుగు ఎప్పుడో గోధుమరంగుకు తిరిగింది బాబూ. మీ అట్ట చిరుగు మల్లెపువ్వులా ఉందేం? ఇంట్లో ఉన్న మంచి పుస్తకానిది ఇప్పుడే చింపారా?"

దివాను తల వాలిపోయింది. ఊళ్లో 'నీలిగుర్రం' తనది తప్ప మరొకటి ఉండకూడదని, ప్రాణంలా దాచుకున్న పుస్తకాన్ని తానే చింపుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఊరుకోండి బాబూ. ఆ పుస్తకమూ తెండి, కుట్టి ఇస్తాను. దీని పేరు చెప్పింది మీరే కదా," అంటూ సూరమ్మ సూది తీసింది.

తన పుస్తకం లాక్కోబోయిన మనిషికి! మీరైతే కుట్టి ఇచ్చేవారా?