తవిటమ్మ పెట్టిన దండం

ఎర్నమ్మను ఏది అడిగినా సూటిగా జవాబు చెప్పదు. ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటుంది. మూతబడిన జనపనార మిల్లు ఆవరణలో ముప్ఫై ఏళ్లుగా ఆడపిల్లలకు కర్రసాము నేర్పుతున్న మనిషి. పిల్లలంతా గురువమ్మా అంటారు.

ఆ సాయంత్రం అడిగింది భాను. పదిహేను రోజుల కిందట కాలేజీ బస్టాపులో ఆమె పక్కనే నిలబడ్డ అమ్మాయిని ఒకడు కత్తితో పొడిచాడు. అప్పటినుంచి భాను గడప దాటి ఈ ఆవరణకు తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. సోమవారం కాలేజీకి వెళ్లకపోతే పేరు తీసేస్తారు. వెళ్తే శవమై వస్తావని ఇంట్లో తల్లి ఏడుపు. ఊరి పెద్దలు మాత్రం సభ పెట్టి, ఆడపిల్లలు అప్రమత్తంగా ఉండాలని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు.

"గురువమ్మా, ఎంత నేర్చుకుంటే భయం లేకుండా బస్సెక్కొచ్చు?"

"కూకో. తవిటమ్మ సంగతి చెబుతాను," అంది ఎర్నమ్మ.

తవిటమ్మ ఆమె దగ్గర తొమ్మిదేళ్లు నేర్చింది. కర్ర తిప్పుతుంటే నలుగురు మగాళ్లు కలిసి వచ్చినా దగ్గరికి రాలేకపోయేవారు. చేపల బజారులో అమ్ముకునేటప్పుడు కూడా గోడకు వీపు ఆనించి, వచ్చేపోయేవాళ్ల చేతులు చూస్తూ కూర్చునేది. ఒక పొద్దున, పక్కనే ఎండుచేపలు అమ్ముకునే నీలవేణి మీదికి ఒకడు కత్తి తీశాడు. పెళ్లికి ఒప్పుకోలేదట. బజారు మొత్తంలో ముందు చూసింది తవిటమ్మే. ఎవరిదో కావిడి బద్ద లాక్కుని ఇద్దరి మధ్యకీ దూకింది.

దూకి, వంగింది. నేలను తాకి కళ్లకద్దుకుంది.

కర్ర పడితే ముందు నేలకు దండం పెట్టాలి. అది సాము పద్ధతి. ఆవరణలో ఎదుటి మనిషి కూడా వంగుతుంది. ఇద్దరూ లేచాకే మొదటి దెబ్బ. తొమ్మిదేళ్ల అలవాటు, ఆలోచించి చేసింది కాదు. వాడు వంగలేదు. ఆమెను దాటుకుని వెళ్లాడు. తవిటమ్మ తలెత్తేసరికి నీలవేణి తన గంప మీదే పడి ఉంది. ఆస్పత్రి దాకా కూడా బతకలేదు.

"మర్నాడే సాములోంచి ఆ దండం తీసేశాను," అంది ఎర్నమ్మ.

భాను ముఖంలోకి కాస్త వెలుగొచ్చింది. "అంటే మేం ఆ తప్పు చెయ్యం కదా, గురువమ్మా!"

ఎర్నమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది. "ఆ వారమంతా నా గుమ్మం తొక్కనోళ్లు నేరే పిల్లా. పోలీసులొచ్చారు, పేపరోళ్లొచ్చారు, కులపెద్దలొచ్చారు. దీనికి గురువెవరు, ఏటి నేర్పేవు, అదెందుకు వంగింది అని ఒకటే అడగడం. తవిటమ్మ మరి కర్ర ముట్టనేదు."

"మరి వాణ్ణి ఏమడిగారు?"

ఎర్నమ్మ లేచి చీర దులుపుకుంది.

"వాడికి గురువెవరని ఒక్కడూ అడగనేదే, అమ్మా."