గురివింద దండ

అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్ల నీడన, ఒక పెద్దబడి ఉండేది. మా నాయనమ్మకు వాళ్ళ మేనత్త చెప్పిన కథ ఇది. నేను ఒక్క మాట కూడా కలపలేదు. ముద్ద మింగి వినండి.

ఆ బడిలో తరగతులు లేవు. ఏడాది తిరిగింది కదా అని పిల్లల్ని పై మెట్టు ఎక్కించే అలవాటూ లేదు. ఊహ తెలిసిన పిల్లలు అక్కడికి వచ్చి, అడవికి పనికొచ్చే పని ఒకటి ఎంచుకునేవారు. తొర్ర తొలవడం నేర్చుకోవాలంటే వడ్రంగిపిట్ట వెంట తిరగాలి. గూడు అల్లడం కావాలంటే గిజిగాడి పక్కన కూర్చోవాలి. ఒకరికి ఆరు నెలలు పట్టేది, ఒకరికి మూడేళ్ళు పట్టేది. దాన్ని ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ముళ్ళమ్మ అనే ఏదుపంది అక్కడ పంతులమ్మ. కానీ పని వచ్చిందో రాలేదో తేల్చేది ఆమె కాదు. ఆ పని మీద ఎవరి బతుకు ఆధారపడి ఉందో, వాళ్ళలో ముగ్గురు సాక్షులుగా వచ్చేవారు. పిల్లవాడు పని చేస్తుంటే కళ్ళారా చూసేవారు. మూడుసార్లు సరిగ్గా చేస్తే "వచ్చింది" అనేవారు. లేకపోతే "ఇంకా రాలేదు" అనేవారు. రాలేదంటే తిట్టు కాదు. మళ్ళీ నేర్చుకుని రమ్మని. వచ్చిందంటే ముళ్ళమ్మ ఆ పిల్లవాడి మెడలో గురివింద గింజల దండ వేసేది.

ఎంత మంచి పద్ధతి! భగవంతుడు మంచి పద్ధతులు ఇస్తూనే ఉంటాడు. వాటిని పాడుచేయడానికి మనకు పెద్ద తెలివి కూడా అక్కర్లేదు. కాస్త మొహమాటం చాలు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలింది. జంతువులన్నీ పొద్దు వాలకముందే అక్కడికి నీళ్ళకు వచ్చేవి. అవతలి గట్టు పొదల్లో చిరుతపులి ఉంది. మడుగు దగ్గర కాపలా కాసే ముసలి కొండముచ్చుకు చూపు ఆనడం లేదు. కొత్త కాపలా కావాలి.

ఆ పని నేర్చుకుంటున్నవాళ్ళు ఇద్దరు. ఒకడు వాలాచలం, కొండముచ్చుల పెద్ద కొమ్మయ్య కొడుకు. రెండోది కుంకుమ అనే తీతువు పిట్ట. కంటి ముందు ఎర్రగా ఉంటుందని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది. తీతువు అరిస్తే అపశకునం అని ఆ అడవిలోనూ అనుకునేవారు. చిరుతను చూసి అరిచినా అపశకునమేనట. చిరుత మాత్రం శుభశకునం కాబోలు.

కుంకుమ మొదటిసారి ఉడుమును చూసి చిరుత అని అరిచింది. సాక్షులు రాలేదన్నారు. రెండోసారి చిరుతనే చూసింది కానీ ఆలస్యంగా అరిచింది. మళ్ళీ రాలేదన్నారు. ఆ పిట్ట ఏడవలేదు. రోజంతా మడుగు ఒడ్డున గులకరాళ్ళలో నిలబడి, ఏ నీడ ఎటు కదులుతుందో చూస్తూ ఉండేది.

వాలాచలం మొదటిసారి ఇప్పపూలు మెక్కి కొమ్మ మీద నిద్రపోయాడు. చిరుత అవతలి గట్టున నడిచి వెళ్ళింది. రెండోసారి పుట్టను చూసి "చిరుత!" అని కేకపెట్టాడు. ఆ రెండూ చూసిన సాక్షులు ముగ్గురు. అడవిపంది, కుందేలు, చుక్కాలమ్మ అనే దుప్పి. చుక్కాలమ్మకు చిన్ని అని నెలల పిల్ల ఉంది. తల్లి పొట్ట కింద నుంచి బయటికి రావడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది.

కొడుకుకు రాలేదన్నారని కొమ్మయ్యకు తల కొట్టేసినట్టయింది. కొడుకును కూర్చోబెట్టి నేర్పించవచ్చు. ఆయన అలా చేయలేదు. సాక్షుల ఇళ్ళకు బయలుదేరాడు.

అడవిపందికి దోసిళ్ళకొద్దీ ఇప్పపూలు పోశాడు. అది కళ్ళు మూసుకుని తిని, పిల్లవాడి గొంతు బ్రహ్మాండమని ఒప్పుకుంది. కుందేలును ఏమీ అడగలేదు, వాళ్ళ బొరియ ముందు ఊరికే కూర్చుని వచ్చాడు. మిగతా ఇద్దరూ ఏమంటే తానూ అదే అంటానని కుందేలే చెప్పింది. చుక్కాలమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు మెత్తగా చేశాడు.

"ఏమ్మా చుక్కాలు, ఈ ఎండల్లో పైకొమ్మల చిగుళ్ళు మీకు తుంపి పడేసేది ఎవరు?"

"మీరే అన్నయ్యా."

"నేనేదో గుర్తు చేయడానికి అనలేదు. నీకూ పిల్ల ఉంది. పిల్లల గురించి నీకు తెలియదా?"

వెళ్ళేటప్పుడు కొమ్మయ్య చిన్నికి లేత చిగురు ఒకటి అందించి తల నిమిరాడు. ఎంత ప్రేమో!

మూడో పరీక్ష మడుగు దగ్గర జరగలేదు. కొమ్మయ్య దాన్ని ఎత్తైన బండ మీద, అందరికీ కనబడేలా పెట్టించాడు. చుట్టూ మోదుగాకు తోరణాలు కట్టించాడు. వాలాచలం తోక దువ్వుకుని వచ్చి, ఛాతీ విరిచి, చిరుతకు ఒక కేక, పెద్దపులికి ఒక కేక, రేచుకుక్కలకు ఒక కేక వేసి చూపించాడు. ఒక్క మృగమూ అక్కడ లేదు. మూడు కేకలు వేశాడు కనుక మూడుసార్లు చేసినట్టేనన్నాడు కొమ్మయ్య. అడవంతా మురిసిపోయింది. నెమలి అయితే కళ్ళు తుడుచుకుంది.

ముళ్ళమ్మ సాక్షుల వైపు తిరిగి, "కేకలు నేనూ విన్నాను. వీడు చిరుతను చూసి గుర్తుపట్టడం మీరు చూశారా? అది చెప్పండి" అంది.

అడవిపంది వచ్చిందంది. కుందేలు అటూ ఇటూ చూసి, వచ్చినట్టే ఉందంది.

మొదటి పరీక్షలో నిద్రపోయిన కొండముచ్చును చుక్కాలమ్మ కళ్ళారా చూసింది. పుట్టను చూసి అరిచిన కొండముచ్చునూ చూసింది. నిజం నాలుక చివర ఉంది. ఎదురుగా కొమ్మయ్య చేతులు కట్టుకుని వినయంగా నిలబడి ఉన్నాడు. పక్కన విస్తరాకులు పరుస్తున్నారు. ఇంతమందిలో ఒక్కర్తీ కాదంటే ఏం బాగుంటుంది?

"వచ్చిందిలెండి" అంది.

ముళ్ళమ్మ ముళ్ళు ఒక్కసారి లేచి పడ్డాయి. సాక్షుల మాట దాటే హక్కు ఆమెకు లేదు. దండ తెచ్చి వాలాచలం మెడలో వేసింది.

అదే రోజు కుంకుమకూ పరీక్ష ఉంది. ఆ పిట్ట వచ్చి అడిగితే, విస్తళ్ళ ముందు కూర్చున్నాం కదా, రేపు చూద్దామన్నారు. మరునాడు వెళితే, కాపలా దొరికింది కదా, ఇంక నీ పరీక్ష దేనికన్నారు. పైగా, మడుగు దగ్గర రెండు గొంతులు లేస్తే తొక్కిసలాట అవుతుంది కనుక, దండ లేనివాళ్ళు అరవకూడదని కొమ్మయ్య కట్టడి చేశాడు.

మూడో రోజు సాయంత్రం జంతువులన్నీ నీళ్ళకు దిగాయి. వాలాచలం మడుగు మీదికి వంగిన కొమ్మ మీద కూర్చుని, నీళ్ళలో తన దండ అందం చూసుకుంటున్నాడు. అవతలి పొదల్లో ఎండుటాకు కదిలింది. ఆ కదలిక గాలిది కాదని కుంకుమకు తెలుసు. అరిస్తే కట్టడి మీరినట్టు. ఊరుకుంటే నీళ్ళ దగ్గర పిల్లలున్నారు.

అరిచింది. రెక్కలు కొట్టుకుంటూ, పొద మీద గిరగిరా తిరుగుతూ, గొంతు చిరిగేలా అరిచింది.

"అపశకునపు పిట్ట. దానికి దండెక్కడిది?" అంది అడవిపంది, తల ఎత్తకుండా.

చుక్కాలమ్మ తల ఎత్తి దండ ఉన్నవాడి వైపు చూసింది. వాడు నిశ్చింతగా ఉన్నాడు. ఆ ఒక్క చూపు చాలు చిరుతకు. పొదలోంచి దూకి చిన్ని వెనక కాలు పట్టింది. కుంకుమ తిన్నగా చిరుత కళ్ళ మీదికే దూకింది. చిరుత తల విదిలించుకునేలోపు చిన్ని కాలు లాక్కుని నీళ్ళలో పడింది. తల్లి దాన్ని మూతితో నెట్టుకుంటూ ఒడ్డెక్కించింది. ప్రాణం దక్కింది. కాలు మాత్రం మళ్ళీ తిన్నగా రాలేదు.

మరునాడు అందరూ బడి దగ్గర చేరి వాలాచలాన్ని తిట్టారు. అందరికంటే గట్టిగా తిట్టింది అడవిపంది. వాడికేమీ రాదని తనకు ముందే తెలుసంది. కుందేలు తనకూ తెలుసంది. కొమ్మయ్య కనబడలేదు.

వాలాచలం దండ తీసి ముళ్ళమ్మ ముందు పెట్టి, "నాకు రాలేదు పంతులమ్మా" అన్నాడు.

"నువ్వు చెప్పిన మొదటి సరైన మాట అది. రేపటి నుంచి కుంకుమ వెంట తిరుగు" అంది ముళ్ళమ్మ. తర్వాత మిగిలినవాళ్ళ వైపు చూసింది. "వీడికి చూడడం రాలేదు. మీకు చూసింది చెప్పడం రాలేదు. మీరూ ఈ బడిలో నేర్చుకున్నవాళ్ళే కదా, మీ మెడల్లో దండలు ఎలాంటి సాక్షుల మాటతో పడ్డాయో కాస్త గుర్తు తెచ్చుకోండి."

మన మంచివాళ్ళకు వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ దండ తీసి కుంకుమ మెడలో వేసేద్దామని ఎగబడ్డారు. నిన్నటి అపశకునపు పిట్ట ఇవాళ బంగారు తల్లి అయింది.

కుంకుమ వెనక్కి జరిగింది. "మూడుసార్లు కదా చూడాలి? ఒక్కసారే చూశారు. ఇంకా రెండుసార్లు రండి" అంది.

వాళ్ళు వచ్చారు. రెండోసారి కుంకుమ సరిగ్గా పట్టింది. మూడోసారి చిరుత దారి మార్చి, వాగు ఎగువ నుంచి వచ్చింది. కుంకుమ చూసింది, అరిచింది, అందరూ తప్పించుకున్నారు. దండ పట్టుకుని, పాటలకు సిద్ధమై, అడవంతా సాక్షుల వైపు చూసింది. అడవిపంది వచ్చిందంది. కుందేలు వచ్చిందంది.

చుక్కాలమ్మ పక్కన చిన్ని మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. చుక్కాలమ్మ దాన్ని ఒకసారి చూసి, కుంకుమ వైపు తిరిగింది.

"ఎగువ వైపు నువ్వు చూడలేదమ్మా. రెండు అడుగులు ఆలస్యమైంది. నా బిడ్డను కాపాడిన దానివి. అయినా, ఇంకా రాలేదు."

అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. విశ్వాసం లేని జాతి అన్నారు, కన్నతల్లేనా అన్నారు. కుంకుమ మాత్రం దగ్గరికి వచ్చి, ఎగువన ఏ పొద దగ్గర తనకు చూపు తప్పిందో చూపించమని అడిగింది. ఇద్దరూ కలిసి మడుగు వైపు నడిచారు. చిన్ని కుంటుకుంటూ వెంట వెళ్ళింది.

ముళ్ళమ్మ వాళ్ళను చూస్తూ, తనలో తాను అనుకున్నట్టుగా చెప్పింది.

"చుక్కాలమ్మకు వచ్చింది."

నీతి: మొహమాటానికి వేసిన దండ పిల్లవాడి మెడకు అందం, పదిమంది మెడకు ఉరి.