నీళ్లు నమిలిన పూట

వరసగా మూడేళ్లు వానల్లేక ఆ సీమలో జనం మాడిపోతున్నారు. అక్కడి అధికారి భైరవయ్య మాత్రం "కరువు లేదు, అంతా కడుపునిండా తింటున్నారు" అని రాజుకు కబుర్లంపేవాడు. చివరికి చూసిపోదామని రాజే బయల్దేరాడు.

భైరవయ్య ఊళ్లో దండోరా వేయించాడు. రాజుగారు వీధి దాటేదాకా ప్రతివాళ్లూ గడపలో విస్తరి ముందు కూర్చుని దవడలు ఆడించాలి. ఆడించకపోతే కొరడా దెబ్బలు.

గంపలల్లే ఎర్రక్క మొన్ననే పసిబిడ్డను పూడ్చి వచ్చింది. ఆమె కూడా గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని నమిలింది.

భైరవయ్యను వెంటబెట్టుకుని వస్తున్న రాజు ఆమె గడప ముందు గుర్రం ఆపాడు. "ఏం తింటున్నావమ్మా?"

"భైరవయ్యగారి దయవల్ల రోజూ తినేదే దొరా. వారూ మా ఇంట ఇంత ఎంగిలిపడితే చాలు."

పెట్టింది కాదంటే అన్నాన్ని తన్నినట్టేనని ఆ సీమలో పట్టింపు. భైరవయ్య కూర్చోక తప్పలేదు. ఎర్రక్క అందించిన ఆకుదొప్పలో ఉన్నవి నీళ్లే. ఆ మాట చెబితే తన అబద్ధం బయటపడుతుంది. నోట్లో పోసుకుని నమలసాగాడు.

"ఏం పెట్టిందయ్యా?" అన్నాడు రాజు. భైరవయ్య నమిలాడు. మళ్లీ అడిగితే మళ్లీ నమిలాడు. రాజు దొప్ప లాక్కుని చూశాడు. ఆ పూటే భైరవయ్య కొలువు ఊడింది.

"మీ కోటలో గాదెలు నిండుగా ఉన్నాయట దొరా," అంది ఎర్రక్క. "మాకెప్పుడు తెరుస్తారు?"

రాజు గుర్రం మెడ నిమిరాడు. ఆయన నోరు కదిలింది గానీ మాట రాలేదు.

జవాబు చెప్పలేనివాణ్ణి "నీళ్లు నములుతున్నాడు" అనడం ఆ రోజే మొదలైంది. భైరవయ్యను చూసి అన్నారనుకుంటారంతా. కాదు. భైరవయ్య నోట్లో నిజంగానే నీళ్లున్నాయి.