తడి అడుగులు

తాయాకి కోపం వచ్చింది. అలాంటి ఇలాంటి కోపం కాదు. ఆ మధ్యాహ్నం ఆ పిల్ల మొహం మీద పిండి పోసి ఉంటే అట్టు మాడిపోయేది. కప్పు మీద కూర్చున్న పావురాలన్నీ లేచి పక్క వీధికి కాపురం మార్చేశాయి.

కారణం ఉంది. ఆదివారం పారిస్‌లో పెద్ద థియేటర్లో తాయా ‘కొవ్వొత్తి’ ఆడాలి. ఈవేళ బుధవారం. ఇప్పటికి అందులో ఒక్క అడుగు కూడా రాదు.

‘కొవ్వొత్తి’ మేడమ్ లుకేరియా నాట్యం. రష్యాలో జార్ చక్రవర్తి ఉన్న రోజుల్లో, కాలి వేళ్ళ కొసల మీద నిలబడి ఆడే బాలేలో ఆవిడ పేరు చెబితే చాలు, రాజధానిలో గుర్రబ్బళ్ళు ఆగిపోయేవి. తెల్లబట్టల్లో ఒక్కతే వచ్చి, వెలిగి, వణికి, ఆరిపోయేది. తమ గాలికి ఎక్కడ ఆరిపోతుందోనని ముందు వరసలో వాళ్ళు ఊపిరి బిగపట్టి కూర్చునేవాళ్ళు. అలా బిగపట్టి బిగపట్టి ఒక సేనాపతి కుర్చీలోనే మూర్ఛపోయాడు. ఒకడేమిటి, ఏడుగురు.

తర్వాత విప్లవం వచ్చింది, జార్ పోయాడు. మేడమ్ పారిస్ చేరి, ఒక చాకలి దుకాణం పైన నాలుగో అంతస్తులో, రేకుల కప్పు కింద గది తీసుకుని పాఠాలు చెప్పుకుంటోంది. ఇప్పుడు డెబ్భై రెండేళ్ళు. మోకాళ్ళు వంచితే అప్పడాలు విరిగిన చప్పుడు. ‘కొవ్వొత్తి’ని మాత్రం ఇంతవరకూ ఎవరికీ నేర్పలేదు. ఆదివారం తాయా ఆడుతుందని థియేటర్ వాళ్ళకి మాటిచ్చింది మాత్రం తనే.

అది పుస్తకంలో చూసి నేర్చుకునేది కాదు. ఆడినవాళ్ళ ఒంట్లోంచి నేర్చుకునేవాళ్ళ ఒంట్లోకి దిగాలి. ఆ ఒళ్ళు మట్టిలో కలిస్తే నాట్యమూ కలిసినట్టే.

మరి రెండేళ్ళుగా మేడమ్ దగ్గర తాయా ఏం నేర్చుకుంది? నీళ్ళు మోయడం నేర్చుకుంది. చెక్క నేల ఎండితే కాలు జారుతుంది, అందుకని పాఠానికి ముందు మొక్కలకి పోసే డబ్బాతో నేలంతా చిలకరించాలి. కుళాయేమో కింద, చాకలి దుకాణం వెనక. తొంభై ఆరు మెట్లు. రెండేళ్ళలో ఆ పిల్ల మోసిన నీళ్ళన్నీ ఒక్కసారి వదిలితే సెయిన్ నది గట్లు తెగేవి.

పైగా ఎత్తిపొడుపులు. “ఏమే, ఆ పడవలు కాస్త ఇటు తిప్పు!” అనేది మేడమ్. తాయా పాదాలు పెద్దవి. మేడమ్ పాదాలు చిలక ముక్కులంత. అందుకని తాయా ఎవరికీ చెప్పకుండా మేడమ్ కొలతకి జోళ్ళు కుట్టించుకుని తొడుక్కుంటోంది. గోళ్ళు నేరేడు పళ్ళలా నల్లబడ్డాయి.

ఒక నోటుబుక్కు కూడా పెట్టింది. ఆ నాట్యం చూసిన ముసలివాళ్ళు ఎక్కడున్నా వెళ్ళి అడిగి రాసుకుంది. ఒకాయన మేడమ్ పదకొండుసార్లు గిర్రున తిరిగిందన్నాడు. ఒకాయన అసలు తిరగనే లేదన్నాడు. ఇంకొకావిడ ఏమీ చెప్పకుండా గంటన్నర ఏడ్చింది. ఆ బుక్కు మేడమ్ కంటపడింది. ఒక్క పేజీ తిప్పి, పియానోకి కాలు పొట్టి అయితే దాని కింద దోపింది.

ఆ బుధవారం తాయా గది మధ్యలో నిలబడింది.

“మేడమ్, ఆదివారం నేనేం ఆడాలి?”

“కొవ్వొత్తి.”

“నేర్పితేగా ఆడటానికి!”

“నేల ఎండింది. నీళ్ళు చల్లు.”

అంతే. తాయా డబ్బా ఎత్తి నేలకేసి కొట్టింది. అది మూడు దొర్లులు దొర్లి సొట్టపడి గోడ దగ్గర ఆగింది.

“చల్లను! రెండేళ్ళు చల్లాను, చాలు! మీరు పిసినారి మేడమ్! దాచి దాచి చివరికి శవపేటికలో పక్కన పెట్టుకుని పోతారు. ఊరంతా అదే అంటోంది!”

“ఇంకా ఏమంటోంది ఊరు?”

“ముసలిదానికి కుళ్ళు అంటోంది!”

పియానో దగ్గర ఫోమిచ్ నముల్తున్న పొద్దుతిరుగుడు గింజ గొంతులో అడ్డం పడింది. ముప్ఫై ఏళ్ళుగా మేడమ్‌కి వాయిస్తున్నాడు ఆయన. ఆవిడతో ఆ మాట అని బతికి బట్టకట్టినవాళ్ళని ఇంతవరకూ చూడలేదు.

మేడమ్ మొహం మొదట ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. లేచింది. మోకాళ్ళు ఫటఫటలాడాయి.

“ఫోమిచ్, నోట్లోది ఉమ్మి వాయించు.”

“ఏం వాయించమంటారు?”

“ఏమిటో నీకు తెలుసు.”

మేడమ్ చెప్పులు వదిలింది. మేజోళ్ళు లాగి కుర్చీ మీద పడేసింది. సొట్ట డబ్బా తీసుకుని అడుగున మిగిలిన నీళ్ళు తన పాదాల మీద పోసుకుంది. నేల మీదికి వచ్చింది.

మోకాళ్ళు చప్పుడు చెయ్యలేదు. అదే వింత. ఆ వయసు మనిషి నేలని తాకిందో లేదో తెలియలేదు. ఒక చోట వణికింది, తాయాకి వెళ్ళి కిటికీ మూసేద్దామా అనిపించింది, గాలి తగలకుండా. అంతలో అయిపోయింది.

నేల మీద ఇటు గోడ నుంచి అటు గోడ దాకా చిన్న చిన్న తడి అడుగులు.

“నేర్చుకో,” అని మేడమ్ వెళ్ళి కూర్చుంది.

తాయా జోళ్ళు పీకి అవతల పారేసి పరిగెత్తింది. మొదటి అడుగులో కాలు పెట్టింది. మడమ బయటికి వచ్చేసింది. రెండోది మరీ దగ్గర. మోకాలు ముడిచి, నడుం కుదించి, తన కొంగ కాళ్ళు రెండూ మడతపెట్టుకుని అందుకుంది. మూడు. నాలుగు. పైన జూలై ఎండ, రేకులు పెనంలా కాలుతున్నాయి. అయిదో అడుగు సగమే ఉంది. ఆరోది తడో మచ్చో తెలియలేదు. ఏడో దాని కోసం వంగితే ముందుకి తూలి బోర్లా పడింది.

తల ఎత్తి చూస్తే ఎండిన చెక్క.

“ఆరిపోయాయి!” అని అరిచింది. “ఫోమిచ్! నువ్వు చూశావుగా, తర్వాత కాలు ఎటు?”

“నేను మీటలు చూస్తాను తల్లీ. ఆవిడ కాళ్ళు చూసి తాళం నిలబెట్టుకున్న మొనగాడు ఇంకా పుట్టలేదు.”

తాయా మేడమ్ వైపు తిరిగింది.

“ఇంకోసారి వెయ్యండి.”

“రాదు.”

“ఇప్పుడే వేశారుగా!”

“వేసింది వేసినట్టు మళ్ళీ నాకు ఎప్పుడు వచ్చింది కనక?” మేడమ్ డబ్బా తీసి విసిరినట్టుగా తాయా చేతికిచ్చింది. “ఖాళీ అయింది. నింపుకురా.”

రెండేళ్ళుగా రోజూ విన్న మాటే. తాయా ఆ డబ్బాని ఆవిడ తల మీద బోర్లించకపోవడం ఆవిడ చేసుకున్న పుణ్యం. దబదబా మెట్లు దిగింది. ఒక్కో మెట్టుకీ ఒక్కో తిట్టు. తొంభై ఆరు మెట్లకి తొంభై ఆరు తిట్లు, ఒక్కటీ రెండోసారి తిట్టలేదు. ముసలి గుడ్లగూబ అంది. మంత్రగత్తె అంది. ఎండు చేప అంది. ఈ వాకిలి మళ్ళీ తొక్కితే చూడు అంది.

కుళాయి విసురుగా తిప్పింది. నీళ్ళు ఎగిరిపడి కాళ్ళు మోకాళ్ళ దాకా తడిశాయి. జోళ్ళు పైనే వదిలి ఒట్టి కాళ్ళతో వచ్చిందన్న సంగతి అప్పుడు తెలిసింది.

డబ్బా ఎత్తుకుని పైకి ఎక్కింది. మూడో అంతస్తు మలుపులో చెయ్యి మార్చుకుందామని ఆగి వెనక్కి చూసింది.

మెట్ల మీద అడుగులు. వెడల్పుగా, బారుగా, రెండేసి మెట్లు దాటుకుంటూ, కోపంగా పైకి వస్తున్న అడుగులు. ఎవరివో అనుకుంది ఒక్క క్షణం.

చాలాసేపు చూసింది. తిట్టడం మరిచిపోయింది.

గదిలోకి వచ్చేసరికి మేడమ్ గోడ వైపు మొహం పెట్టి మేజోళ్ళు తొడుక్కుంటోంది. తాయా నేల మీద నీళ్ళు చల్లలేదు. నేల మధ్యకి వెళ్ళి డబ్బా మొత్తం తన పాదాల మీద గుమ్మరించుకుంది.

“ఫోమిచ్,” అంది. గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది. “వాయించు.”

ఫోమిచ్ మేడమ్ వైపు చూశాడు. మేడమ్ తిరగలేదు. వాయించాడు.

ఎంతసేపు ఆడిందో తాయాకి తెలియదు. పాట ఆగాక, మేడమ్ కుర్చీ తిప్పుకుని, నేలని ఇటు గోడ నుంచి అటు గోడ దాకా చూసింది.

“పెద్దవి,” అంది. “ఆరడానికి కాస్త సమయం పడుతుంది.”