ఉస్తాద్ తిన్న స్టాపర్

నరహరికి ముందుచూపు ఎక్కువ. మబ్బు పట్టకముందే గొడుగు, చెప్పు తెగకముందే కొత్త జత కొనే రకం. అలాంటి మనిషిని కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు చిన్న కోచ్‌గా పెడితే ఊరుకుంటాడా? డిగ్రీ మూడేళ్ళే. ఎంత గొప్పగా ఆడేవాడైనా మూడో ఏడు పరీక్షలు కాగానే గేటు దాటిపోవాల్సిందే. అందుకని ఈ ఏడు ఎవరు పోతారు, వచ్చే ఏడు ఎవరు, ఆ పై ఏడు ఎవరు, ఎవరి చోటుకు ఇప్పటినుంచే ఎవరిని తెచ్చి తయారు చేయాలి, అంతా మనసులో లెక్క కట్టి పెట్టుకున్నాడు.

ఆ లెక్క పెద్ద కోచ్ జిలానీ ఉస్తాద్‌కు చూపించి శభాష్ అనిపించుకోవాలని అతని ఆరాటం.

జిలానీ ఉస్తాద్ సికింద్రాబాద్‌లోని ఆ కాలేజీ గ్రౌండులోనే జుట్టు నెరిసిన మనిషి. మాట తక్కువ, చాయ్ ఎక్కువ. గ్రౌండుకు ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కిటికీ పక్క పాలరాతి బల్ల ఆయనది. కొత్తవాళ్ళెవరైనా తెలియక అక్కడ కూర్చుంటే హోటల్ వాళ్ళే మర్యాదగా లేపి ఇంకో బల్ల చూపించేవారు.

నరహరి పళ్ళెం నిండా ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి బల్ల మీద జట్టును పేర్చాడు. గోల్‌కీపర్ ఒకటి, వెనక నాలుగు, మధ్యలో మూడు, ముందు మూడు.

"ఇగో ఉస్తాద్, ఇది మోజెస్. మన స్టాపర్. గోల్ ముందట గోడ లెక్క నిలవడ్తడు. వచ్చే ఎండాకాలం పరీక్షలు కాంగనే పోతడు. వాని జాగాలకు ఇప్పుడే ఒక స్టాపర్‌ను పట్టాలె. ఏడాది మోజెస్ పక్కన ఉండి నేర్చుకుంటడు. నిజామాబాద్ పిల్లగాడు భీమేశ్ వచ్చిండు సెలెక్షన్లకు. ఆరడుగులున్నడు. అచ్చం మోజెస్సే."

అక్కడితో ఆగలేదు. వచ్చే ఏడు పోయే గోల్‌కీపర్, ఆ పై ఏడు పోయే, ముందు వరస అంచుల్లో ఆడే వింగులు, వాళ్ళ బదులు రావలసినవాళ్ళు, బిస్కెట్లను జరుపుతూ ఒక్కొక్క ఏడాదినీ వివరించాడు. ఉస్తాద్ అంతా విన్నాడు. విని, బల్ల అంచున ఉన్న తన చాయ్ కప్పును చూపించాడు.

"ఇదెవరు?"

నరహరి నవ్వాడు. "అది మీరు ఉస్తాద్."

"వచ్చే ఏడు?"

"మీరే."

"ఆ పై ఏడు?"

"మీరే గద ఉస్తాద్. ఇంకెవరుంటరు?"

ఉస్తాద్ మోజెస్‌ను తీసి, చాయ్‌లో ముంచి తినేశాడు.

నరహరి తెల్లబోయాడు. అయినా అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా, పళ్ళెంలో మిగిలిన బిస్కెట్ ఒకటి తీసి ఆ చోట పెట్టబోయింది. ఉస్తాద్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నింపకు. చూడు," అన్నాడు.

ఏం చూడాలో చెప్పలేదు. చెప్తే ఆయన జిలానీ ఉస్తాద్ ఎందుకవుతాడు? లేస్తూ లేస్తూ ఇంకో మాట మాత్రం అన్నాడు. "స్పోర్ట్స్ కోటాల సీటు ఒక్కటే మిగిలింది. శుక్రవారం సాయంత్రం ప్రిన్సిపల్‌కు పేరు చెప్పాలె. ఈసారి నువ్వే చెప్పు."

ఇన్నేళ్ళలో సీటు ఎవరికివ్వాలో ఉస్తాద్ తప్ప ఇంకొకరు చెప్పింది లేదు. నరహరికి అదే కాలేజీలో సీటిచ్చిందీ ఆయనే. ఆ సంగతి నరహరికి ఇప్పటికీ అర్థం కాదు. ఆటలో అతను అంతంతమాత్రం. అతనికన్నా బాగా ఆడేవాళ్ళు ఆ రోజు పదిమంది వరసలో ఉన్నారు. "నన్నెందుకు తీసుకున్నరు ఉస్తాద్?" అని ఎన్నోసార్లు అడిగాడు. ప్రతిసారీ ఒకటే జవాబు: "చాయ్ తాగు, చల్లారుతది."

సోమవారం సాయంత్రం ఆట మొదలయ్యే ముందు ఉస్తాద్ మోజెస్‌ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఉస్తాద్ చోటు గ్రౌండు నడిమి గీత దగ్గర, నేల చదును చేసే, తుప్పు పట్టిన పాత రోలర్ మీద. నరహరి చోటు గోల్ వెనక, గేటు పక్కన. ఆలస్యంగా వచ్చేవాళ్ళను పరుగెత్తించడం, బంతులకు గాలి కొట్టడం, మడమలకు పట్టీలు కట్టడం అతని పని. ఉద్యోగంలో చేరిన రోజు ఎక్కడ నిలబడ్డాడో ఇప్పటికీ అక్కడే నిలబడతాడు.

మిగతా పిల్లలు, సెలెక్షన్లకు వచ్చినవాళ్ళు ఎదుటి జట్టు; ఇటు మోజెస్ లేకుండా పదిమందే ఆడుతున్నారు. గోల్ ముందు బోసిపోయింది. చూస్తూ చూస్తూ ఎలా ఊరుకుంటాడు? "ఒరేయ్, నువ్వు పోయి మోజెస్ జాగాల నిలవడు!" అని ఒక పిల్లవాణ్ణి తరిమాడు.

నడిమి గీత దగ్గర విజిల్ మోగింది. ఉస్తాద్ ఆ పిల్లవాణ్ణి వెనక్కి పంపేశాడు.

"నింపకు," అని అంత దూరం నుంచే అరిచాడు.

ఆ సాయంత్రం గోల్స్ వానలా పడ్డాయి. ఆట అయ్యాక ఉస్తాద్ అడిగాడు. "ఖాళీ ఎక్కడుంది?"

"ఇంకెక్కడ ఉస్తాద్? మోజెస్ జాగాలనే. అందుకే భీమేశ్‌ను తీసుకుందాం అంటున్న."

"మళ్ళ చూడు."

మర్నాడు కూడా మోజెస్ రోలర్ మీదే. కాసేపు అదే గందరగోళం. తర్వాత మధ్య వరసలో ఎడమ పక్క ఆడే ఇంతియాజ్ ఎవరూ చెప్పకుండానే నెమ్మదిగా వెనక్కి జరిగాడు. మోజెస్ చోటులో నిలబడి వచ్చిన బంతినల్లా తన్నేశాడు. నరహరికి ముచ్చటేసింది. కానీ గోల్ వెనక నుంచి చూస్తే ఎదుటివాళ్ళు ఇప్పుడు ఎడమవైపు నుంచి దూసుకొస్తున్నట్టు కనిపించింది.

"ఖాళీ ఎక్కడుంది?" అన్నాడు ఉస్తాద్.

"లెఫ్ట్ హాఫ్‌ల, ఇంతియాజ్ జాగాల," అన్నాడు నరహరి. అనేసి, తన నోటి మాటకు తానే ఉలిక్కిపడ్డాడు. మరి స్టాపర్ సంగతేమిటి?

"మళ్ళ చూడు."

బుధవారం ఎడమ వింగు ఆడేవాడు ఇంతియాజ్ చోటుకు దిగాడు. ఇప్పుడు ముందు వరసలో ఎడమ పక్క ఎవరూ లేరు. బంతి అక్కడిదాకా వెళ్ళి దిక్కులేనిదై తిరిగొస్తోంది. గురువారం ఆ వింగువాడు ఆయాసపడి మళ్ళీ తన చోటుకు పోయాడు. ఖాళీ మళ్ళీ మధ్యలోకి వచ్చింది. ఒక్క మనిషిని తీస్తే ఖాళీ ఒక్కచోట ఉండాలి గాని, కాళ్ళొచ్చినట్టు గ్రౌండంతా తిరగడమేమిటి?

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని పప్పు గిన్నెను ఇటు, కూర గిన్నెను అటు జరుపుతూ ఉంటే భార్య సులోచన చూసి చూసి అడిగింది. "పచ్చడిని ఏ పక్క ఆడిస్తవ్? చెప్తే వడ్డిస్త."

నరహరికి నవ్వు రాలేదు. నవ్వే పరిస్థితి కాదు. ఒక పక్క ఆరడుగుల భీమేశ్. అతనితో ఇంతకుముందే "నీ సీటు ఖాయం అనుకో" అనేశాడు. ఆ ఒక్క మాట మీద ఆ పిల్లవాడు ఇంటికి పోకుండా మేనత్త ఇంట్లో ఉండి రోజూ రెండు బస్సులు మారి వస్తున్నాడు. ఇంకో పక్క బొల్లారం నుంచి వచ్చే జోయల్. బక్కపలచని వాడు, ఎడమకాలివాటం, మాట పెగలదు. ఇద్దరిలో ఒకరికే సీటు. తప్పు చేస్తే మూడేళ్ళు జట్టు అనుభవిస్తుంది, సీటు రానివాడు జన్మంతా గుర్తుపెట్టుకుంటాడు.

"నాకు చాతకాదు ఉస్తాద్, మీరే చెప్పండి," అని రేపు కాళ్ళ మీద పడదామనుకుని పడుకున్నాడు.

శుక్రవారం ఉస్తాద్ రాలేదు.

పిల్లలు బూట్లు కట్టుకుని నిలబడ్డారు. రోలర్ ఖాళీగా ఉంది. నరహరి ఫోన్ చేశాడు, మోగి మోగి ఆగిపోయింది. ఉస్తాద్ రాని సాయంత్రం ఆ గ్రౌండుకు తెలియదు. ఏం చేయాలో తోచక గేటు వైపు చూసేవాళ్ళు, రోలర్ వైపు చూసేవాళ్ళు, చివరికి అందరూ నరహరి వైపు చూడడం మొదలుపెట్టారు. సెలెక్షన్ పిల్లలిద్దరూ బిక్కమొహాలు వేసుకుని ఉన్నారు. వాళ్ళకు ఇదే ఆఖరి రోజు.

"ఏం నిలవడ్డరు? ఉరుకుండ్రి!" అన్నాడు నరహరి. గేటు దగ్గర నుంచి అరిస్తే అవతలి గోల్ దాకా వినిపించడం లేదు. అరుస్తూ అరుస్తూ నడిచాడు. అలా నడిచి నడిచి నడిమి గీత దగ్గరికి వచ్చాక గొంతు అందరికీ అందింది. అక్కడే ఆగి ఆట మొదలుపెట్టించాడు.

గోల్ వెనక నుంచి చూసినంత కాలం అతనికి కనిపించింది ముందున్నవాళ్ళ వీపులు, మడమలే. ఏ బంతి వచ్చినా తన మీదికే వచ్చినట్టుండేది. ఇక్కడి నుంచి చూస్తే గ్రౌండు చాప పరిచినట్టు మొత్తం కనిపించింది. ఇది ఇంత పెద్దదా అనుకున్నాడు నరహరి.

మోజెస్ చోటులో భీమేశ్‌ను పెట్టాడు. భీమేశ్ బాగానే ఆడాడు. తల ఎత్తితే బంతి అతనిదే. కానీ ఆ చోటులో ఇంతియాజ్ ఇప్పటికే కుదురుకుని ఉన్నాడు. ఒకే గడపలో ఇద్దరు నిలబడ్డట్టు ఒకరికొకరు అడ్డం పడుతున్నారు. ఎడమ పక్క మాత్రం పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిరిలా బోసిగా ఉంది. భీమేశ్‌ను బయటికి పిలిచి, జోయల్‌ను అక్కడికి పంపాడు. ఆ బక్క పిల్లవాడు ఎడమ అంచు గీత వెంబడి పైకీ కిందికీ తిరుగుతూ ఆడుతుంటే, ఇంతియాజ్ ఒక్కసారి కూడా తన పాత చోటు వైపు తిరిగి చూసుకోలేదు.

నరహరికి సంతోషం కలగలేదు. భీమేశ్ ముఖం చూడాలంటే భయం వేసింది.

అప్పుడు గుర్తొచ్చింది, గేటు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను ఎవరు చూస్తున్నారు? తిరిగి చూశాడు. వారమంతా పని లేక కూర్చున్న మోజెస్ గోల్ వెనక నిలబడి ఉన్నాడు. బంతికి గాలి కొడుతూ, ఆలస్యంగా వచ్చిన ఇద్దరిని గ్రౌండు చుట్టూ పరుగెత్తిస్తున్నాడు. అతన్ని అక్కడికి ఎవరూ పంపలేదు.

ఆట అయ్యాక నరహరి ముందు భీమేశ్ దగ్గరికి వెళ్ళాడు.

"ఈ ఏడు కాదు తమ్మీ."

"ఖాయమన్నరు గద సార్."

"అన్న. అనకుండ ఉండాల్సింది. తప్పు నాదే."

భీమేశ్ తల వంచుకుని బూట్ల తాళ్ళు విప్పుకోసాగాడు. రెండో బూటు తాళ్ళు నరహరి వంగి విప్పాడు. తర్వాత ప్రిన్సిపల్ గదికి వెళ్ళి జోయల్ పేరు చెప్పి, రోడ్డు దాటి ఇరానీ హోటల్లోకి వచ్చాడు.

కిటికీ పక్క బల్ల దగ్గర ఉస్తాద్ కూర్చుని ఉన్నాడు.

నరహరికి ఒళ్ళు మండింది. "ఈడనే ఉన్నరా! ఫోన్ ఎందుకు ఎత్తలే ఉస్తాద్? నా పానం పోయింది అక్కడ."

"ఎవరి పేరు చెప్పినవ్?"

"జోయల్."

ఉస్తాద్ కిటికీలోంచి గ్రౌండు వైపు చూశాడు. "ఆ పొడుగు పిల్లగాన్ని రేపు పొద్దుగాల నా దగ్గరికి పంపు. ఇంకో కాలేజీల గోల్ ముందట గోడ లేక ఏడుస్తున్నరు. మాట్లాడిన," అన్నాడు. తర్వాత ఎప్పటి ప్రశ్నే అడిగాడు. "ఇయ్యాల ఖాళీ ఎక్కడుండె?"

"ఎడమ దిక్కు."

"ఇంకా?"

నరహరి ఆలోచించాడు. "గేటు కాడ ఉస్తాద్. నేను నడుమకొచ్చిన గద, అక్కడ ఎవ్వరు లేకుండె. ఎవ్వరు చెప్పకుంటనే మోజెస్ పోయి నిలవడ్డడు."

"నువ్వు నడుమకెందుకొచ్చినవ్?"

"మీరు రాలే గద, మీ జాగా..."

నరహరి బల్ల మీదికి చూశాడు. ఆనాడు వరసగా మూడేళ్ళు పేర్చిన బల్ల అదే. వచ్చే ఏడు మీరే, ఆ పై ఏడు మీరే అని తన నోటితోనే అన్నాడు. రోలర్ ఎక్కడానికి ఉస్తాద్ ఈ మధ్య మోజెస్ భుజం పట్టుకుంటున్నాడని అప్పుడు జ్ఞాపకం వచ్చింది. రోజూ కళ్ళ ముందే జరిగింది.

నన్నెందుకు తీసుకున్నరని ఇన్నేళ్ళుగా అడుగుతూ వచ్చిన ప్రశ్న ఈసారి పెదాల దాకా వచ్చింది గాని, అడగలేదు.

కిటికీలోంచి గ్రౌండు కనిపిస్తోంది. మోజెస్ గేటు మూస్తున్నాడు.

ఉస్తాద్ బల్ల అంచున ఉన్న తన కప్పును నెమ్మదిగా నరహరి ముందుకు జరిపాడు.

"చాయ్ తాగు బేటా," అన్నాడు. "చల్లారుతది."