నేల దాచిపెట్టిన రంగులు

ఒకప్పుడు కోడిపిల్లలకు నూగు ఉండేది కాదర్రా. గుడ్డు చిట్లగానే రంగురంగుల ఈకలతో బయటికొచ్చేవి. బంగారు మెడ, నెమలిలాంటి తోక, అన్నీ పుట్టుకతోనే.

ఆ రోజుల్లో చెల్లాయమ్మ అనే ఆవిడ కోళ్లు పెంచేది. అమ్మవారి తీర్థంలో ఏటా కోళ్ల అందాల పోటీ జరిగేది. తన కోళ్లు ఒక్కసారైనా అక్కడ నిలబడాలని ఆమె కోరిక. అందుకే జత కట్టించేముందు పుంజు నిలువు చూసేది, కాళ్లు తిన్నగా ఉన్నాయో లేదో చూసేది, రెక్క విప్పి ఈక ఈకా చూసేది.

"నిన్ను నాకిచ్చేటప్పుడు మీ నాన్న నన్నింతలా చూళ్లేదే," అనేవాడు భర్త గవరయ్య.

"చూసుంటే ఇచ్చేవాడా?" అనేది ఆవిడ.

ఆ ఏడు మేలైన పుంజుకి, తన కోళ్లలోకెల్లా అందమైన పసిడిపెట్టను జత చేసింది. పసిడిపెట్ట గుడ్లయితే పెట్టింది. పొదగమంటే మాత్రం, "నా ఈకలు నలుగుతాయమ్మా," అని లేచిపోయింది. చేసేది లేక చెల్లాయమ్మ ఆ గుడ్లను మట్టిపెట్ట కింద పెట్టింది. అందం లేదని పోటీకి ఎన్నడూ ఎంచని కోడి అది. పాపం, మేత కూడా సరిగా ముట్టకుండా, గుడ్లను అటూ ఇటూ తిప్పుకుంటూ ఓపిగ్గా పొదిగింది.

పిల్లలు మిలమిలా మెరుస్తూ వచ్చాయి. ఆ మెరుపు పైన తిరిగే గద్దకి కనబడింది. ఏటా చెల్లాయమ్మ కోడిపిల్లల్ని తన్నుకుపోయేది అదే.

గద్ద దిగింది. మట్టిపెట్ట పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. ఈకల సందుల్లోంచి బంగారు రంగు తొంగిచూస్తూనే ఉంది. గద్ద గోళ్లు మట్టిపెట్ట వీపు చీరేశాయి. అయినా అది కదల్లేదు. ఇంతలో గవరయ్య కర్రతో పరుగెత్తుకొచ్చాడు.

"రేపు మళ్లీ వస్తాలే," అంటూ ఎగిరిపోయింది గద్ద.

పిల్లలు వణుకుతూ నేలతల్లిని బతిమాలాయి. "అమ్మ మమ్మల్ని దాస్తోంది, మా రంగేమో పట్టిచ్చేస్తోంది. ఈ రంగులు తీసేసుకో తల్లీ."

"తీసుకుంటే పోటీలో మీవంక ఎవరూ చూడరే," అంది నేలతల్లి.

"చూడకపోతే పోనీ. గుడ్డు పెట్టిన తల్లి కాకపోయినా మాకోసం ఒళ్లు చీరించుకుంది. అమ్మ బతకాలి."

నేలతల్లి మనసు కరిగింది. వాటిమీద మెత్తటి దుమ్ము చల్లింది. ఈకలు రాలి మట్టిరంగు నూగు వచ్చింది. "మీ రంగులు నా దగ్గర భద్రంగా ఉంటాయి. అమ్మ రెక్కలు వదిలిననాడు ఇస్తాను," అంది.

మర్నాడు గద్ద ఎంత తిరిగినా మట్టి తప్ప ఏమీ కనబడలేదు. విసుగెత్తి వెళ్లిపోయింది.

పిల్లల్ని చూసి చెల్లాయమ్మ కూలబడింది. "ఇంత చూసి ఎంచితే చివరికి మట్టిముద్దలా?" అంది. అంతలో మట్టిపెట్ట వీపు మీద గాయం కంటబడింది. గబగబా పసుపు తెచ్చి అద్దింది. "పోనీలే, ఈసారి అన్నీ ప్రాణాలతో ఉన్నాయి. అమ్మవారి దయ, నీ దయ," అంటూ చిట్టూ తవుడూ కలిపి దాని ముందు పెట్టింది.

పిల్లలు ఎదిగాయి. తల్లిని వదిలినవాటికి వదిలినట్టే మెడలో బంగారం, తోకలో నెమలి మెరుపు వచ్చి చేరాయి.

తీర్థంలో జనం వాటి చుట్టూ మూగారు. "వీటి తల్లి ఏదమ్మా?" అని అడిగారు.

పసిడిపెట్ట ఠీవిగా మెడ సాచింది. చెల్లాయమ్మ పక్కనున్న గంప ఎత్తి, వీపు మీద మచ్చ ఉన్న మట్టిపెట్టను రెండు చేతులా తీసి, అన్నిటికంటే ముందు నిలబెట్టింది.

అప్పటినుంచే, ఎంత అందమైన పుంజు కాబోయే పిల్లయినా, తల్లి రెక్కల కింద ఉన్నన్నాళ్లూ నూగే కప్పుకుని తిరుగుతుంది. తన సొంత రంగుల్ని తల్లిని వదిలాకే అడిగి తెచ్చుకుంటుంది.