త్రినాథం ఇంట్లో శీర్షికలు

సామర్లకోట స్టేషను రోడ్డు మొత్తానికి తెలివైన వాళ్ళం మేమేనని త్రినాథానికి, అతని భార్య సీతారత్నానికి, తమ్ముడు గవర్రాజుకి గట్టి నమ్మకం. ముందు గదిలో డీటీపీ షాపు. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేస్తారని పేరు.

ఒకరోజు చూపులేని పిల్లల హాస్టల్ నుంచి ఎస్తేరు టీచరు వచ్చారు. ఆవిడకీ చూపు లేదు. సాంఘిక శాస్త్రం పుస్తకాన్ని ఫోను చదివి వినిపించేలా చెయ్యాలిట. పరీక్షలకి ఎనిమిది రోజులే ఉన్నాయి.

"పాఠాల పేర్లని శీర్షికలుగా గుర్తు పెట్టండి బాబూ. పిల్లలు వేలితో ఇలా జరిపితే ఫోను ఒక పేరు నుంచి ఇంకో పేరుకి దూకుతుంది. లేకపోతే తొమ్మిదో పాఠం కావాలన్నా మొదటి నుంచీ వినాలి," అన్నారు.

గుర్తు పెట్టమన్నారు కదా. అంతే, ముగ్గురూ కూర్చుని పాఠాల పేర్లన్నీ బట్టీపట్టారు. మర్నాడు టీచరు రాగానే వరసగా అప్పజెప్పారు. ఆవిడ ఓపిగ్గా విని, తెలియాల్సింది మీకు కాదు, ఫోనుకి అని చెప్పి వెళ్ళారు.

ఇంకేముంది, గవర్రాజు ప్రతి పేరు ముందూ 'ఫోనుగారూ, ఇది శీర్షిక' అని టైపు కొట్టాడు. ఫోను ఆ ముక్క కూడా భక్తిగా చదివింది గానీ అంగుళం దూకలేదు. సీతారత్నం ఆలోచించింది. మధ్యలో పాతికేసి పేజీలుంటే ఎవరు మాత్రం దూకగలరు? పాఠాలు తీసేసి పేర్లు ఉంచింది. టీచరు విని, పేర్లు బావున్నాయి, పాఠాలేవమ్మా అని అడిగారు.

పాఠాలు మళ్ళీ ఎక్కించారు. ఈసారి ఆవిడ ఫోన్లో విడమర్చి చెప్పారు. కంప్యూటర్లో శీర్షిక అనే మీట ఉంటుంది, ముఖ్యమైన వాటికే అది నొక్కాలి. చదువులో ముఖ్యం కానిదేముంది? అంతే, పుస్తకంలో ప్రతి వాక్యానికీ నొక్కేశారు.

పరీక్షలు రెండు రోజుల్లోకి వచ్చాయి. త్రినాథం కళ్ళు మూసుకుని తనే తొమ్మిదో పాఠం వెతికి చూశాడు. నలభైసార్లు వేలు జరిపినా మొదటి పాఠం దాటలేదు. అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే హాస్టల్‌కి వెళ్ళాడు.

"టీచరుగారూ, మా తెలివి మీద నమ్మకం పెట్టుకోకండి. మేమే పెట్టుకుని చెడ్డాం. పక్కన కూర్చుని చెప్పండి," అన్నాడు.

ఆవిడ వచ్చి కూర్చున్నారు. ఒక్కో పేరు దగ్గర ఆగి ఒక్కో నొక్కు. మధ్యాహ్నానికి ఫోను మొదటి పాఠం నుంచి తొమ్మిదో పాఠానికి చకచకా దూకింది. త్రినాథానికి కళ్ళు చెమర్చాయి.

"చక్కగా కుదిరింది. ఇక దీన్నెవరూ ముట్టుకోకండి. ఇలాగే హాస్టల్‌కి పంపించెయ్యండి," అని ఆవిడ వెళ్ళిపోయారు.

ముట్టుకోకూడదు, ఇలాగే పంపాలి. అన్నదమ్ములు కంప్యూటర్ని తాకకుండా బల్లని చెరోవైపూ ఎత్తారు. ప్లగ్గు పీకితే 'ఇలాగే' ఎలా అవుతుంది? సీతారత్నం వీధిలో అందరి దగ్గరా వైర్లు అడిగి తెచ్చి ఒకదానికొకటి తగిలిస్తూ వెనకే నడిచింది. రైల్వే గేటు దగ్గర వైరు అయిపోయింది. బల్ల భుజాన పెట్టుకునే త్రినాథం టీచరుకి ఫోన్ చేశాడు.

"సగం దూరం తెచ్చేశామండి. మిగతా సగానికి మీ హాస్టల్ ప్లగ్గు ఇటు పంపించండి."